మచ్చల మీద ఎండ పడకుండా: ఒక సన్‌స్క్రీన్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

నా ఉద్యోగం పెళ్లి ఆల్బములు తయారు చేయడం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో కూర్చుని పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా పెళ్లికూతుళ్ల ముఖాల మీది మచ్చలు చెరిపేస్తుంటాను. తెర మీద ఒక్కో మచ్చకు రెండు క్షణాలు చాలు. నా చెంపల మీదివి మాత్రం అలా పోయేవి కావు. మొటిమలు చాలావరకు తగ్గుముఖం పట్టాయి గానీ, అవి వదిలివెళ్లిన గుర్తులు అలాగే ఉన్నాయి. ఎక్కువ భాగం గోధుమ రంగువి, కొన్ని ఎర్రవి, దవడ కింద ఒకటి బూడిద ఛాయలో. వీటి విషయంలో సన్‌స్క్రీన్ ఎంతవరకు పనికొస్తుందో ఈ ఏడాది వరసగా రాసిపెట్టుకోవాలని ఈ డైరీ.

ముందుగా చర్మవైద్యురాలికి చూపించాను. ఆవిడ దీపం ఉన్న భూతద్దంతో చెంపలు పరికించి, మందుల చీటీ వెనక బొమ్మ గీసి మరీ వివరించారు. మొటిమ వాచినప్పుడు ఆ వాపు చుట్టుపక్కల ఉన్న రంగు కణాలను రెచ్చగొడుతుంది. అవి అవసరానికి మించి మెలనిన్ అనే రంగు పదార్థం తయారుచేసి పక్క కణాల్లోకి పంపుతాయి. మొటిమ మానిపోతుంది, రంగు మిగులుతుంది. ఆ రంగు చర్మం పైపొరలోనే ఉంటే గోధుమ మచ్చ. పైపొర నెలా నెలన్నరకు కొత్తదవుతూ ఉంటుంది కనుక పాత కణాలతోపాటు ఆ రంగూ రాలిపోవాలి. కింది పొరలోకి జారిన రంగు బూడిద ఛాయలో కనిపిస్తుంది, అది ఏళ్ల తరబడి కదలదు.

మరి పైపొరలోవి ఎందుకు పోవడం లేదు? రోజూ ఎండ తగులుతోంది కనుక. ఒకసారి రెచ్చిపోయిన రంగు కణాలు పక్కనున్న మామూలు చర్మం కంటే త్వరగా ఎండకు స్పందిస్తాయి. చర్మం ఒకవైపు రంగును దులుపుకుంటుంటే ఎండ మరోవైపు నింపుతూ ఉంటుంది. కుళాయి కట్టకుండా తొట్టిలో నీళ్లు తోడిపోసినట్టే ఇది. సన్‌స్క్రీన్ చేసేది ఆ కుళాయి కట్టేయడం మాత్రమే. మచ్చను చెరిపేది చర్మమే, ట్యూబు కాదు. ఈ తేడా తెలియక చాలామంది రెండు వారాలు పూసి, ఏమీ తగ్గలేదని విసుక్కుని ట్యూబును అటకెక్కిస్తారు.

ఇంటికొచ్చి ఒక చిన్న పరీక్ష చేశాను. చదునైన అడుగున్న గాజు గ్లాసును మచ్చ మీద మెల్లగా నొక్కి అద్దంలో చూడాలి. ఎర్ర మచ్చలైతే నొక్కినంతసేపూ మాయమై, వదలగానే తిరిగి వస్తాయి. అది రక్తనాళాల ఎరుపు, మెలనిన్ కాదు. గోధుమ మచ్చలు నొక్కినా అలాగే ఉంటాయి. ఈ డైరీలో లెక్కకు వచ్చేవి గోధుమవే. మొటిమలు వదిలిన గుంటలను పూడ్చడం ఏ క్రీమ్ వల్లా కాదు కాబట్టి వాటిని అసలు జాబితాలోకే తీసుకోలేదు.

డాక్టరుగారు మొటిమలకు రాత్రికి అడాపలీన్ జెల్, పగటికి అజెలాయిక్ ఆసిడ్ క్రీమ్ రాసిచ్చారు. కొత్త మొటిమ వస్తే కొత్త మచ్చ వచ్చినట్టే కదా, ముందు అది ఆగాలి. అడాపలీన్ వాడుతుంటే చర్మానికి ఎండ ఇంకా చురుక్కుమంటుంది, అందుకని సన్‌స్క్రీన్ మానడానికి వీల్లేదని గట్టిగా చెప్పారు. మొటిమలు గిల్లవద్దని చెప్పేటప్పుడు మాత్రం నా గోళ్ల వైపు చూశారు.

ఫిబ్రవరి, ఇంకో రోజు: ఫోటో తీసే పద్ధతి

ఇది నా వృత్తి కనుక ఇక్కడ ఎవరి మాటా వినను. ముందూ వెనకా అంటూ జనం చూపించే ఫోటోల్లో సగానికి సగం వెలుతురు మాయే. పక్క నుంచి వెలుతురు పడితే మచ్చ నల్లగా, ఎదురుగా పడితే పలచగా కనిపిస్తుంది. ఫోను కెమెరా అడగకుండానే చర్మాన్ని నునుపు చేసేస్తుంది. కాబట్టి ఫోను వద్దు. స్టూడియో కెమెరా, ఒకే లెన్సు, ఒకే దూరం, ఎదురుగా రెండు సాఫ్ట్‌బాక్సులు (వెలుతురును మెత్తబరిచే దీపాల పెట్టెలు), గడ్డం కింద గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్ట). ముఖం కడుక్కున్న వెంటనే తీయకూడదు, రుద్దిన ఎరుపు తగ్గేదాకా ఆగాలి. జుట్టు వెనక్కి కట్టాలి, ముఖం మీద ఏమీ పూసి ఉండకూడదు.

తీసిన ఫోటోను కంటితో చూసి తేల్చను. ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ల్యాబ్ అనే రంగుల పద్ధతి ఒకటుంది. అందులో ఎల్ అనే అంకె వెలుతురును మాత్రమే చెబుతుంది: సున్నా అంటే నలుపు, వంద అంటే తెలుపు. మచ్చ మధ్యలో ఒక అంకె, దాని పక్కన మామూలు చర్మం మీద ఒక అంకె తీసుకుని తేడా రాస్తాను. ఎంపిక చేసుకున్న మచ్చల సగటు తేడా ఇవాళ రెండు చెంపల మీదా 11. ఈ తేడా రెండు మూడుకు దిగితే మామూలు కంటికి దాదాపు ఆనదు.

తేడానే ఎందుకంటే, ఎండాకాలంలో ముఖం మొత్తం నల్లబడుతుంది. అప్పుడు మచ్చ తగ్గకపోయినా పక్క చర్మం దాని దగ్గరికి రావడం వల్ల తగ్గినట్టు భ్రమ కలుగుతుంది. అందుకే పక్క చర్మం అంకెను కూడా విడిగా రాసుకుంటున్నాను. ఇవాళ అది 58.

మార్చి: వెండి దుకాణంలో తూకం

సన్‌స్క్రీన్ మీద రాసిన ఎస్‌పీఎఫ్ అంకె, అంటే ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె, ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలిచింది. అంతకంటే పలచగా పూస్తే ఆ అంకె మనకు వర్తించదు. ముఖం, మెడ ముందు భాగం కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 1.2 గ్రాములు కావాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే సరిపోతుందని అందరూ చెప్పే లెక్క ఇదే. నిజంగా సరిపోతుందా అని తూచాలనిపించింది.

మా బావకు చార్‌కమాన్ దగ్గర వెండి సామాను దుకాణం ఉంది. అక్కడి చిన్న త్రాసు గ్రాములో నూరోవంతు దాకా చూపిస్తుంది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చెల్లెలిని వెంటబెట్టుకుని వెళ్లాను. తను కాలేజీ రోజుల నుంచి సన్‌స్క్రీన్ పూస్తోంది, పూసినా లాభం లేదని వాదిస్తుంది కూడా. ట్యూబును త్రాసు మీద పెట్టి అంకె రాసుకున్నాం. చెల్లెలు రోజూ పూసుకునేంత పిండుకుని పూసుకుంది. ట్యూబును తిరిగి త్రాసు మీద పెడితే తగ్గింది 0.31 గ్రాములు. తర్వాత నేను రెండు వేళ్ల నిండా పిండాను. ఈసారి తగ్గింది 1.18.

బావ త్రాసు వైపు, మా ఇద్దరి ముఖాల వైపు మార్చి మార్చి చూసి, "మరదలా, ఇది నువ్వు పూసుకున్నావా, ఎవరైనా నీకు పూశారా?" అన్నాడు. అంత తెల్లగా ఉంది మరి. కానీ ఒకేసారి రుద్దకుండా సగం పూసి, అది ఇంకాక మిగతా సగం పూస్తే తెలుపు చాలావరకు సర్దుకుంటుందని అక్కడే తేలింది. దుకాణంలో అద్దాలకు కొదవ లేదు.

చెల్లెలి లెక్కన నాలుగో వంతు పూస్తే ట్యూబు మీది ఎస్‌పీఎఫ్ 50లో ముఖానికి దక్కేది కొద్ది భాగమే. 50 గ్రాముల ట్యూబు ఆరు నెలలు వస్తోందని సంబరపడేవారు ఒకసారి ఇలా తూచి చూడాలి. సరిగా పూస్తే రోజుకు ఒక్కసారి చొప్పున కూడా నెలా పది రోజులకు మించి రాదు, రెండుసార్లయితే మూడు వారాలే. ఖరీదైన ట్యూబు కొని పొదుపుగా పూయడం కంటే, అందుబాటు ధరలో ఉన్నదాన్ని ధారాళంగా పూయడం మేలు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మార్చి చివర: ట్యూబు మీది రాతలు

ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీబీ, యూవీఏ అని రెండు రకాలు మనదాకా వస్తాయి. ఎస్‌పీఎఫ్ ముఖ్యంగా చర్మాన్ని కమిలించే యూవీబీ లెక్క. సరిగా పూస్తే 30 అన్నది దాదాపు 97 శాతం, 50 అన్నది 98 శాతం ఆపుతాయి. కాబట్టి 70, 100 అన్న అంకెల వెంట పరుగెత్తనక్కర్లేదు. మచ్చల వాళ్లు చూడాల్సింది పక్కనే ఉండే పీఏ, దాని వెంట ఉండే ప్లస్ గుర్తులు. అది యూవీఏ లెక్క. జపాన్‌లో పుట్టిన పద్ధతి ఇది. నాలుగు ప్లస్‌లు అంటే యూవీఏ రక్షణ 16 రెట్లు లేదా అంతకు మించి. చర్మం లోతుకు వెళ్లేదీ, కిటికీ అద్దంలోంచి దూరి వచ్చేదీ యూవీఏనే.

జింక్ ఆక్సైడ్ ఉన్నది ఒకటి, రసాయన వడపోతలు ఉన్నది ఒకటి తెచ్చాను. జింక్‌ది పూసుకుని బయటికి వస్తే అమ్మ, "ముఖమంతా విభూతి పూసుకుని బయలుదేరావేమిటే?" అంది. చామనఛాయ ముఖం మీద అది ఊదా రంగు తిరుగుతుంది. రెండోది కంటికి కనబడదు గానీ చెమట పడితే కళ్లలోకి దిగి మండిస్తుంది. ఇప్పటికైతే రెప్పల కింద జింక్‌ది, మిగతా ముఖానికి రెండోది. రెండూ అరచేతిలో కలిపి పూయడం మాత్రం వద్దు. ఒకదాని పూత మరొకదాన్ని చెడగొట్టవచ్చు.

ఏప్రిల్: ఎదురెండ

మా ఇల్లు మెహదీపట్నంలో. స్టూడియోకు వెళ్లేది మాసాబ్‌ట్యాంక్, నాంపల్లి, కోఠి, చాదర్‌ఘాట్, మలక్‌పేట మీదుగా, దాదాపు నేరుగా తూర్పుకు. తొమ్మిదిన్నరకు సూర్యుడు ఎదురుగా. సాయంత్రం తిరిగి వచ్చేది పడమటికి, అప్పుడూ సూర్యుడు ఎదురుగానే. ఉప్పల్‌లో ఉండి అమీర్‌పేటలో పని చేసేవారికి రెండు పూటలా ఎండ వీపు మీదే పడుతుందన్నమాట. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి.

సాయంత్రం ఆరింటి ఎండలో యూవీ దాదాపు ఉండదు, ఆ పూట ఇబ్బంది కళ్లకే. పొద్దుటిదే ఆలోచించాల్సినది. హెల్మెట్ ముందరి పాలికార్బొనేట్ అద్దం యూవీని చాలావరకు ఆపేస్తుంది. చున్నీ చుట్టుకుంటే అదొక అడ్డు, వదులు నేతది కాకుండా దట్టంగా నేసినది అయితే. కానీ డాక్టరుగారు ఇంకొక సంగతి చెప్పారు. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో కంటికి కనిపించే వెలుతురు కూడా, ముఖ్యంగా అందులోని నీలం, ఊదా భాగం, రంగు కణాలను రెచ్చగొడుతుంది. యూవీని ఆపే మామూలు సన్‌స్క్రీన్లు దీన్ని ఆపలేవు. కంటికి కనబడకుండా ఉండాలని తయారుచేసిన క్రీమ్ కనిపించే వెలుతురును ఎలా ఆపుతుంది! దాన్ని ఆపాలంటే క్రీమ్‌కు రంగు ఉండాలి. ఆ రంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడ్.

ఇది విన్నాక దుకాణంలో ట్యూబుల వెనక సన్నక్షరాలు చదవడం మొదలుపెట్టాను. సీఐ 77491, 77492, 77499 అని ఉంటే ఐరన్ ఆక్సైడ్లు ఉన్నట్టు: వరసగా ఎరుపు, పసుపు, నలుపు. ముద్రణ పనిలో ఉన్నవాళ్లకు ఈ మూడు చాలు, ఏ చర్మపు రంగునైనా కలిపేస్తారు. సన్‌స్క్రీన్ తయారుచేసేవారికి మాత్రం చేతులు రావడం లేదు. టింటెడ్ అని అమ్మేవాటిలో నేను చూసినవి చాలావరకు గులాబీ వైపు మొగ్గినవే. మన నేలలో కనిపించే ముఖాలను తలచుకుని రంగు కలిపిన దాఖలాలు తక్కువ. చివరికి పసుపు ఛాయ కాస్త ఎక్కువున్నది ఒకటి దొరికింది, అదీ నా రంగు కంటే ఒక మెట్టు తెలుపు. దాని మీద నా ఛాయకు సరిపోయే కాంపాక్ట్ పౌడరు అద్దితే సరిపోయింది. కాంపాక్ట్‌లో రంగు ఇచ్చేవి కూడా ఈ ఐరన్ ఆక్సైడ్లే. టింటెడ్ దొరకనివారు మామూలు సన్‌స్క్రీన్ మీద కాంపాక్టో ఫౌండేషనో వేసుకున్నా కొంత లాభమే.

స్టూడియోలో అందరూ అడిగే ప్రశ్న: రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ నీలి వెలుతురు సంగతేమిటి? సూర్యుడి ముందు కంప్యూటర్ తెర లెక్కలోకి రాదు. తెర వెలుతురుకని ప్రత్యేకంగా అమ్మే క్రీములకు డబ్బు తగలేయనక్కర్లేదు.

నెలాఖరు ఫోటో: ఎడమ చెంప తేడా 9, కుడి చెంప 10. పక్క చర్మం 58 దగ్గరే నిలిచింది, అంటే ఇది భ్రమ కాదు.

మే

మే 9 ప్రాంతంలో హైదరాబాదుకు నీడ లేని రోజు వస్తుంది. మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి చూశాను, అంచు చుట్టూ నల్లగీత తప్ప నీడ లేదు. ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి వస్తుంది. నీడ మనిషి ఎత్తు కంటే పొట్టిగా ఉంటే యూవీ బలంగా ఉన్నట్టు లెక్క. ఆ లెక్కన ఈ నెలలో పగటిలో దాదాపు సగం బలమైనదే. ఫోనులో వాతావరణం చూపించే చోట యూవీ సూచిక అని ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 8 నుంచి 10 చాలా ఎక్కువ, 11, ఆపైన అత్యంత తీవ్రం. మే మధ్యాహ్నాల్లో ఇక్కడ 11, 12 కనబడడం మామూలు.

ఇలాంటి రోజుల్లోనే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పెళ్లికి ముందు ఫోటోల పని పడింది. సాధారణంగా నేను బయటి పనులకు వెళ్లను, సహాయకుడు సెలవు పెట్టడంతో వెండి రిఫ్లెక్టర్ పట్టుకునే పని నా మీద పడింది. టోపీ పెట్టుకున్నా లాభం లేదు. రిఫ్లెక్టరు నుంచి ఎండ కింది నుంచి పైకి, గడ్డం మీదా దవడ మీదా కొడుతుంది. లేత రంగు నేల కూడా అంతే. టోపీ, గొడుగు నెత్తి మీది ఎండకే. కింది నుంచి వచ్చేదానికి పూత తప్ప దారి లేదు. గడ్డం కింద, చెవుల ముందు, దవడ గీత వెంట చాలామంది పూయరు, మొటిమలు వచ్చేవి చూస్తే సరిగ్గా అక్కడే.

బయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి మళ్లీ పూయాలి. చెమట మీద పూస్తే ఉండలు కడుతుంది. ముందు మెత్తని గుడ్డతో అద్ది, రుద్దకుండా, ఆరనిచ్చి, తర్వాత పూయాలి. స్టూడియోలో లోపల కూర్చున్న రోజు అంత కచ్చితం అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్లే ముందు ఒకసారి చాలు.

ట్యూబును స్కూటర్ డిక్కీలో ఉంచవద్దు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వేడికి క్రీమ్ విడిపోయి నూనె ఒకవైపు, ముద్ద ఒకవైపు అవుతుంది. స్టూడియోలో ఒకమ్మాయి ట్యూబు అలాగే అయింది. పారేయమంటే ప్రాణం ఒప్పుకోక, మోచేతులకు రాసుకుంటోంది.

పక్క చర్మం 56కు దిగింది. ఎంత పూసినా మే మే నెలే.

జూన్: కుడి చెంప

ఈ నెల అంకెలు కుదరడం లేదు. ఎడమ చెంప తేడా 6కు వచ్చింది, కుడి చెంప 9 దగ్గరే ఆగింది. మందులు రెండు చెంపలకూ ఒకటే, సన్‌స్క్రీన్ ఒకటే, కొలత ఒకటే. పడుకునేది కూడా ఎడమ వైపుకే. ఒకవేళ ఫోటోలో వెలుతురు తేడా ఉందేమోనని సాఫ్ట్‌బాక్సులు అటుదిటు మార్చి తీశాను, అవే అంకెలు.

కారణం స్టూడియోలో దొరికింది. మా సార్ వాస్తు ప్రకారం తూర్పు ముఖంగా కూర్చుంటారు, ఎదురుగా మేమంతా పడమటి ముఖంగా. నా కుడి పక్కన ఉత్తరపు కిటికీ. ఉత్తరపు కిటికీ నుంచి నేరుగా ఎండ రాదని, నిలకడైన వెలుతురు వస్తుందని ఫోటోలవాళ్లందరికీ నమ్మకం. ఏడాదిలో ఎక్కువ భాగం అది నిజమే. కానీ మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాదు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. అస్తమించేది కూడా నేరుగా పడమట కాదు, వాయవ్యం వైపు జరిగి. నాలుగు దాటాక ఏటవాలు ఎండ ఆ కిటికీలోంచి వచ్చి కీబోర్డు మీద, నా కుడి భుజం మీద, కుడి చెంప మీద పడుతోంది. అద్దం మూసి ఉందని, ఏసీ చల్లగా ఉందని ఎవరికీ పట్టదు. అద్దం యూవీబీని ఆపుతుంది, కాబట్టి చర్మం కమిలిపోదు, చురుక్కుమనదు. యూవీఏలో చాలా భాగం మాత్రం లోపలికి వచ్చేస్తుంది. కనిపించే వెలుతురు సంగతి చెప్పేదేముంది. పొద్దున తొమ్మిదింటికి పూసింది అప్పటికి చెమటకు, చేతి రుమాలుకు పోయి ఉంటుంది.

కిటికీకి దళసరి తెర వేయించమని సార్‌ను అడిగితే, వాస్తుకు వెలుతురు రావాలి అన్నారు. నాలుగు తర్వాత మాత్రమే తెర, పొద్దున తీసే ఉంచుదాం అన్నాక ఒప్పుకున్నారు. నాలుగు గంటలకు కుడి చెంపకు మరోసారి పూత కూడా జత చేశాను.

కార్లలో తిరిగేవారికి కూడా ఇదే బాధ. ముందరి అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది కనుక యూవీఏను బాగా ఆపుతుంది, పక్క అద్దాలు సాధారణంగా అంతగా ఆపవు. మనకు స్టీరింగు కుడివైపు కాబట్టి రోజూ కారు నడిపేవారు తమ కుడి చెంపను ఎడమ చెంపతో పోల్చి చూసుకోవచ్చు. నల్ల ఫిల్ములు అంటిద్దామంటే 2012లోనే సుప్రీంకోర్టు వాటిని వద్దంది.

ఆషాఢం, బోనాల వారం

మబ్బులు పట్టాయి కదా ఇంకా పూతలు ఎందుకని ఇంట్లో అందరూ అంటున్నారు. పలచటి మబ్బు యూవీని పెద్దగా ఆపదు. వేడి తగ్గింది గానీ ఫోనులో సూచిక మధ్యాహ్నం ఇంకా పెద్ద అంకెలే చూపిస్తోంది.

పండక్కి అత్తయ్య వచ్చింది. నా చెంపలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నిమ్మరసంలో పసుపు కలిపి రాయమంది. బోనం రోజున ముఖానికి పసుపు రాసుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు, రాసుకున్నాను కూడా. నిమ్మరసం మాత్రం వద్దన్నాను. నిమ్మజాతి పండ్ల రసంలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమారిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చలు మిగులుతాయి. మచ్చలు పోగొట్టుకోబోయి కొత్తవి తెచ్చుకోవడం అంటే ఇదే. సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టడం కూడా ఇప్పుడు వద్దు. రాపిడికి చర్మం రేగితే రంగు కణాలకు అదో పిలుపు.

అత్తయ్య చిట్కా కంటే ప్రమాదమైనది ఎదురింట్లో జరుగుతోంది. అక్కడి అమ్మాయికి మందుల దుకాణంలో ఎవరో ఒక ట్యూబు ఇచ్చారట, వారంలో ముఖం మెరిసిపోయిందట. తెచ్చి చూపించమన్నాను. వెనక మూడు పేర్లు: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్. మూడోది స్టెరాయిడ్. చర్మవైద్యులు కొందరికి కొద్ది వారాలపాటు, కళ్లెదుట పెట్టుకుని వాడించే మందు ఇది. రోజువారీ క్రీమ్ అనుకుని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలుతాయి, మొటిమలు విజృంభిస్తాయి, మానేయగానే ముఖం మండిపోతుంది. 2018లో కేంద్రం చర్మం మీద రాసే స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు, జనం కొంటున్నారు. ఆ అమ్మాయి రాయడం మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు. ఒక్కసారిగా మానేయాలా, మెల్లగా తగ్గించాలా అన్నది డాక్టరే చెప్పాలి కనుక, మా డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్లాను.

ఈ నెల ఎడమ 5, కుడి 7. కిటికీ తెర పని చేస్తోంది.

సెప్టెంబరు

రాసేందుకు పెద్దగా లేదు. గణేశ్ నిమజ్జనం పనులతో స్టూడియోలో ఊపిరాడలేదు. కొత్త మొటిమలు రెండు వచ్చాయి, ముట్టుకోలేదు. చిన్న గుర్తులే మిగిల్చాయి.

అమ్మకు కొత్త అనుమానం: ఎండ తగలకపోతే డి విటమిన్ ఏమవుతుంది? ఈ ఊళ్లో డి విటమిన్ తక్కువున్నవారికి కొదవ లేదు, వారిలో చాలామంది సన్‌స్క్రీన్ ముట్టనివారే. చీర కట్టుకుని ఇంట్లోనే ఉంటే ఎండ ఎక్కడ తగులుతుంది. ముఖం చిన్న చోటు, చేతులకూ కాళ్లకూ తగిలేదే ఎక్కువ. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని, తక్కువైతే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవడం సులువు. చివరికి అమ్మకే పరీక్ష చేయించాం, ఆవిడకే తక్కువ ఉంది.

నవంబరు

ఎడమ చెంప తేడా 3, కుడి చెంప 4. పక్క చర్మం 58కి తిరిగి వచ్చింది, కాబట్టి ఈ అంకెలను నమ్మవచ్చు. ఎర్ర మచ్చలు వాటంతట అవే చాలావరకు పోయాయి, వాటి విషయంలో సన్‌స్క్రీన్‌కు ఎంత ఘనత ఇవ్వాలో ఈ పద్ధతిలో తేల్చలేం. మందుల పాత్రను కూడా దీన్నుంచి విడదీయలేను. కానీ మందులు ఒకటే ఉండగా, కిటికీ పక్క చెంప వెనకబడి, తెర వేశాక ముందుకు రావడం మాత్రం ఎండ లెక్కే.

దవడ కింద బూడిద రంగు మచ్చ ఫిబ్రవరిలో ఎలా ఉందో అలాగే ఉంది. అది కింది పొరది. పీల్స్ (రసాయనం పూసి పైపొర ఊడదీయడం), లేజర్ లాంటివాటికి మన చర్మం మీద జాగ్రత్త చాలా అవసరమని, సరిగా చేయకపోతే అవే కొత్త మచ్చలు తెచ్చిపెడతాయని డాక్టరుగారు తొందరపడడం లేదు. జనవరిలో చూద్దామన్నారు. అడాపలీన్ కొనసాగుతుంది. ఫోటో ఇకమీదట నెలకొకటి కాకుండా మూడు నెలలకొకటి.

చెల్లెలు రెండు వేళ్ల కొలతకు మారింది గానీ ట్యూబు ఖర్చు నన్ను పెట్టుకోమంటోంది. బేరం ఇంకా తెగలేదు.